మాట నిలిచే చోటు

(దేవాలయ సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యురాలిని వేదిక మీదికి పిలిస్తే రక్తపోటు గురించో, మధుమేహం గురించో, ప్రసాదంలోని నెయ్యి గురించో మాట్లాడుతుందని అనుకోవడం సహజం. మన వంటశాలలోని పులిహోర మీద నాకు ఎట్టి వైరమూ లేదని ముందుగా మనవి చేసుకొని, వేరొక విషయం ఎంచుకొన్నాను. అది పాట. పాడటం కాదు, ఆ విద్య నాకు రాదు. పాట రాయడం గురించి, అంటే ఒక మాటను పాటలో ఎక్కడ, ఎట్లా నిలబెడితే అది మనిషి లోపల ఉండిపోతుందన్న దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాను. ఇతరుల మాట వినడమే దాదాపు మూడు దశాబ్దాలుగా నా జీవనోపాధి. మాట నిలవడం, పోవడం నేను దగ్గరగా చూసిన విషయాలు.

మన పూర్వులు పాటను రెండుగా విడదీసి చూశారు. పాటలోని మాట మాతువు, దానికి కట్టిన సంగీతం ధాతువు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఈ రెండింటినీ కూర్చగలిగినవాడే వాగ్గేయకారుడని చెప్పాడు. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య అందరూ ఆ కోవలోనివారే. ఆ పరంపరను ఒక్కచోట చేర్చి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు కూడ స్వయంగా పాట రాసి, బాణీ కట్టి, పాడినవారే. విజయవాడ ఆకాశవాణిలో ఆయన తీర్చిదిద్దిన భక్తిరంజని వింటూ మా తరం కృష్ణా గుంటూరు జిల్లాల పిల్లలు పళ్లు తోముకొన్నారు. రేడియో మా ఇంట్లో వంటగది గూట్లో ఉండేది. పాట ఏ రాగమో మాకు తెలియదు. మాట మాత్రం తెలిసేది. తెలియకపోతే అమ్మను అడిగేవాళ్లం. అమ్మకు తెలియకపోతే పప్పు పొంగుతోందని మాట మార్చేది.

అన్నమాచార్యుల సంగతి మీకందరికీ తెలిసినదే. 1408లో తాళ్లపాకలో పుట్టి, 1503లో పరమపదించేలోగా 32,000 సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. వాటిలో పన్నెండు వేలకు పైగా మనకు దక్కాయి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద చెక్కి దాచినందువల్లనే దక్కాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు ఆ రేకులను చదివి పరిష్కరించిన కథ ఒక ప్రత్యేక ప్రసంగానికి తగినది. నేను చెప్పదలచుకొన్నది ఒక్క అంశమే. ఆ రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, సాహిత్యం ఉంది, స్వరాలు మాత్రం లేవు. అన్నమయ్య ఏ బాణీలో పాడాడో ఇవాళ ఎవరికీ తెలియదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు కట్టిన బాణీలే మనం వింటున్నవి. అంటే ఆ మహావాగ్గేయకారుని ధాతువు గాలిలో కలిసిపోయింది. మాతువు మాత్రం లోహం మీద నిలిచింది. నాలుగు వందల ఏళ్లకు పైగా చీకట్లో ఉండి కూడ, ఒక కొత్త బాణీ తగలగానే ఆ మాట లేచి కూర్చొన్నది.

మన పిల్లల విషయంలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. బాణీ వారికి చక్కగా వస్తున్నది. ఫోన్‌లో, కారులో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వింటున్నారు, గమకం సహా పట్టుకొంటున్నారు. పోతున్నది మాట. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

అన్నమయ్య పాటలు రాయడమే కాక పాట రాయడానికి శాస్త్రం కూడ చెప్పాడని చాలామందికి తెలియదు. ‘సంకీర్తన లక్షణం’ అని సంస్కృతంలో రచించాడు. ఆ మూలం మనకు దక్కలేదు గాని, ఆయన మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగు పద్యాలలోకి తెచ్చిన రూపం దక్కింది. పాటకు కూడ లక్షణగ్రంథం కావాలని ఒక కుటుంబం మూడు తరాల పాటు పట్టుదలతో ఉండటం గమనించండి. పద్యానికి ఛందస్సు ఉన్నది, పాట అంటే ఎట్లాగైనా అల్లవచ్చునన్న చిన్నచూపు ఆనాడూ ఉన్నదేమో, దానికి ఇది జవాబేమో అనిపిస్తుంది నాకు.

ఈ శాస్త్రంలో నాకు ప్రియమైనది పల్లవి అన్న భావన. చరణం కథను ముందుకు నడిపిస్తుంది. పల్లవి వెనక్కి పిలుస్తుంది. మూడు చరణాల పాటలో పల్లవి కనీసం నాలుగుసార్లు వస్తుంది, భజనలో అయితే నలభైసార్లు. మంచి పాటలో నాలుగోసారి వచ్చే పల్లవి మొదటిసారి వచ్చిన పల్లవి కాదు. అక్షరం మారదు, నడుమ వచ్చిన చరణం వల్ల అర్థం మారుతుంది. మొదట ప్రశ్నలా వినిపించినది చివరకు మొర అవుతుంది, మొదట నిందలా ఉన్నది చివరకు లాలన అవుతుంది. రామదాసు కీర్తనలు ఈ దృష్టితో ఒకసారి వినండి. దేవుని నగల లెక్క అడిగే మనిషికి, దేవుని ఒడిలో తలపెట్టుకొన్న మనిషికి నడుమ ఒక్క పల్లవే వంతెన.

ఇక ప్రాస, యతి. బడిలో ఇవి మనల్ని భయపెట్టిన పేర్లు. వాటి ప్రయోజనం మాత్రం సామాన్యమైనది. పాదంలో రెండవ అక్షరం అన్ని పాదాలలోనూ ఒకటే అయితే, తరువాతి పాదం మరిచిపోయినవాడికి దారి దొరుకుతుంది. పాదం మధ్యలో మొదటి అక్షరానికి మైత్రి ఉన్న అక్షరం పడితే, ఊపిరి తీసుకొనే చోటు తెలుస్తుంది. చీకట్లో మెట్లు దిగేవారికి గోడకు కొట్టిన కమ్మీ వంటివి ఇవి. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తాడు. పాటలోని పాదం ఆ ఊపిరిని సాగదీస్తుంది గాని తెంచదు. తెగితే అది రాసినవాడి లోపమే. పాడలేనివారికి కూడ ఈ పరీక్ష సులభం: పాదాన్ని మామూలుగా చదవండి, ఎక్కడ ఆగవలసి వచ్చిందో అక్కడ మాట పూర్తి అయిందా లేదా చూడండి.

ఈ నేర్పు పండితుల సొత్తు మాత్రమే కాదు. రోకలి పట్టినవారూ, ఊయల ఊపినవారూ దీనిని ఎరుగుదురు. మన ఆడవాళ్లు పాడుకొన్న రామాయణపు పాటలు చూడండి. ఊర్మిళాదేవి నిద్ర పాటలో, వనవాసం పద్నాలుగేళ్లూ నిద్రపోయిన ఊర్మిళ, తిరిగివచ్చిన భర్తను పరపురుషుడనుకొని హడలిపోతుంది. తన తండ్రికి, బావగారికి తెలిస్తే నీ గతి ఏమవుతుందో చూసుకోమని ఆ కొత్తమనిషిని హెచ్చరిస్తుంది. ఎదురుగా ఉన్నది లక్ష్మణుడు! వాల్మీకి వదిలివేసిన గదిలోకి దీపం పట్టుకొని వెళ్లినట్లుంటుంది ఆ పాట. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం తెలుగు బోధించిన ఆచార్య వెల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రకటించిన వ్యాసంలో ఈ పాటలను స్త్రీలు తమకోసం కట్టుకొన్న వేరొక రామాయణంగా చదివారు. ఆ వ్యాసం ఈ దేశంలోనే అచ్చయింది. మా అమ్మమ్మకు ఆ పాట మొత్తం వచ్చు. ఆమె సంతకం చేయడానికి తడుముకొనేది.

ఇప్పుడు నా అభిమాన కవి దగ్గరకు వస్తాను. ఆయన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. 1897లో పుట్టారు. భావకవిగా ఊరూరా తిరిగి కవిత్వం వినిపించారు. గిరజాల జుట్టు, ఆ కంఠం, ఆ ఉపన్యాసం గురించి మా తాతగారి తరం వారు ఎంత చెప్పినా తృప్తిపడేవారు కాదు. 1951లో బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’కి పాటలు రాశారు. సాలూరు రాజేశ్వరరావుగారు సంగీతం కూర్చారు. తెలుగు సినిమా పాట అంటే ఇట్లా కూడ ఉండవచ్చునని అందరికీ తెలిసింది అప్పుడే. తరువాత 1960ల్లో ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చింది. ప్రాణం దక్కింది గాని గొంతు మూగబోయింది. దేశమంతా వినిపించిన మనిషి, ఎదుటివారితో మాట్లాడాలంటే కాగితం మీద రాసి చూపవలసి వచ్చింది.

వైద్యురాలిగా నేను ఇక్కడ ఆగిపోతాను. గొంతు కోల్పోయినవారిని నేను చూశాను. మొదటి నెలల్లో వారు మాట్లాడటానికి ప్రయత్నిస్తారు, పెదవులు కదులుతాయి. తరువాత చాలామంది ఆ ప్రయత్నం మానుకొంటారు, ముఖంలో ఏదో ఆరిపోతుంది. కృష్ణశాస్త్రిగారి విషయంలో జరిగినది వేరు. మనం పదేపదే తలచుకొనే ఆయన సినిమా పాటలలో చాలా భాగం గొంతు పోయిన తరువాత రాసినవే. 1968లో ‘సుఖదుఃఖాలు’లో సుశీలగారు పాడిన మల్లెల వేళ పాట అప్పటిదే. అదే సంవత్సరం ‘ఉండమ్మా బొట్టు పెడతా’లో మహాలక్ష్మిని ఇంటికి పిలిచే పాట కూడ అప్పటిదే. మన గుడిలో సంక్రాంతికి మీరు పాడేది అదేనని గుర్తు చేస్తున్నాను. తన నోట పలికి చూసుకొనే వీలు లేని మనిషి, ఇతరుల నోట అంత సుఖంగా పలికే మాటలు రాశాడు. ఆ పాటలలో నాలుక తడబడే సంయుక్తాక్షరం ఎక్కడ ఉన్నదో వెతకండి, అరుదుగా తప్ప దొరకదు. నా అభిప్రాయం ఏమంటే, పాట రాయడమనేది మొదటినుంచీ పరుల కంఠానికి రాయడమే. గొంతు ఉన్నవారికి ఆ సంగతి మరపున పడుతూ ఉంటుంది. ఆయనకు ఆ మరపుకు అవకాశం లేకపోయింది.

మరొక విశేషం. 1925 నాటి ‘కృష్ణపక్షం’లోని ఒక ఖండిక, అడవిలో ఆకులా పూవులా కలిసిపోవాలని కవి కోరుకొనే ఖండిక, 1982లో ‘మేఘసందేశం’లో పాట అయింది. రమేశ్ నాయుడుగారి సంగీతం. అప్పటికి కవి కీర్తిశేషులై రెండేళ్లు. 57 ఏళ్ల వెనుక పుస్తకంలో రాసిన మాట అక్షరం చెదరకుండ పాటలో ఒదిగింది. రాసిన రోజునే అది పాట, బాణీ ఆలస్యంగా వచ్చింది, అంతే.

సినిమా పాటలో మాతువు ఒకరిది, ధాతువు మరొకరిది. కె.వి. మహదేవన్‌గారు రాసిన పాటకే బాణీ కట్టడానికి ఇష్టపడేవారు. ఇళయరాజాగారి కాలానికి బాణీ ముందు, మాట తరువాత అన్నది మామూలు అయింది. సంగీత దర్శకుడు తననన అని ఊహామాత్రమైన అక్షరాలతో బాణీ వినిపిస్తాడు. ఏ అక్షరం పొట్టి, ఏది పొడుగు అన్నది ముందే స్థిరపడిపోయి ఉంటుంది. కుట్టిన చొక్కాకు తగిన మనిషిని వెతకడం వంటిది ఈ పని. వేటూరి సుందరరామమూర్తిగారు ఈ పనిలో ఎంతటి సమర్థులో ‘సాగరసంగమం’ పాటలు వింటే తెలుస్తుంది. బాణీకి మాట అతికించినట్లుండదు, మాటే బాణీని కన్నట్లుంటుంది. తెలుగు పదాలు ప్రాయికంగా అచ్చుతో ముగుస్తాయి కనుక ఆ చివరి అచ్చును కావలసినంత సాగదీయవచ్చు. ఇది మన భాష పాటకవికి పెట్టిన భిక్ష. అయితే ఆ భిక్షకు ఒక షరతు ఉన్నది. పొట్టి అచ్చును పాడేవాడు సాగదీస్తే అది మరొక మాట అయి కూర్చొంటుంది. మంచి కవి దీర్ఘం ఉన్న చోటనే దీర్ఘం పెడతాడు.

వేటూరిగారికి జాతీయ పురస్కారం తెచ్చిన పాట 1993 నాటి ‘మాతృదేవోభవ’లోనిది. క్యాన్సర్‌తో మరణించబోయే తల్లి, తన పిల్లలను ఒక్కొక్కరినే ఇతరుల చేతుల్లో పెట్టే కథ అది. కీరవాణిగారు బాణీ కట్టి స్వయంగా పాడారు. ఆ పాట ఆ తల్లిని పేరుపెట్టి పలకరించదు. ఒక పువ్వును పలకరిస్తుంది. అటువంటి తల్లికి అటువంటి వార్త చెప్పవలసిన కుర్చీలో నేను కూర్చొన్నాను, ఒకసారి కాదు. సూటిగా చెప్పడం మా ధర్మం, అది తప్పదు. అయితే చెప్పిన తరువాత ఆ గదిలో మిగిలే నిశ్శబ్దంలో ఏమి మాట్లాడాలో మా పాఠ్యగ్రంథాలలో లేదు. పక్కనున్న దానితో మాట్లాడవచ్చునని నాకు ఆ పాట నేర్పింది. కిటికీ అవతలి చెట్టు గురించో, ఆమె తెచ్చుకొన్న దుప్పటి అల్లిక గురించో అడుగుతాను. ఆమె తన సంగతే చెబుతుంది.

ఆత్రేయగారిని గురించి ఎక్కువ చెప్పను. ఆయన పాటలో మాటలు మా రోగులు మాట్లాడే మాటలే. ఇంట్లో వాడే పదాన్ని ఇంట్లో ఉన్నట్లే ఉంచి పాటలోకి తేవడం ఎంత కష్టమో అనుకరించబోయినవారికి తెలుసు. సిరివెన్నెల సీతారామశాస్త్రిగారి దారి వేరు. 1986లో వచ్చిన ఆయన మొదటి గొప్ప చిత్రం, ఆయన ఇంటిపేరుగా మారిన చిత్రం, ఒక అంధుడైన వేణుగాన విద్వాంసుని కథ. ఆమె చిత్రకారిణి, మూగది. చూపు లేని అతనికి లోకాన్నంతా శబ్దంగానే చూపవలసిన పని కొత్త కవి మీద పడింది. సృష్టిని మొదటి నాదం నుంచి మొదలుపెట్టాడు. ఆ సాహసం నాకు నచ్చుతుంది. ఆయన పాటలలో కొన్నింటికి నిఘంటువు అవసరమవుతుందని ఫిర్యాదు చేసేవారున్నారు. అవసరమైతే తెరవండి, నిఘంటువు తెరిస్తే ఎవరికీ హాని జరిగినట్లు వైద్యచరిత్రలో దాఖలా లేదు.

వైద్యచరిత్ర అన్నాను కనుక ఒక పాత సంగతి చెబుతాను. 1745లో స్వీడన్‌లో ఓలోఫ్ దాలిన్ అనే పండితుడు ఒక మనిషిని గురించి రాశాడు. పక్షవాతం వచ్చి అతనికి మాట పడిపోయింది. ఏమి అడిగినా చెప్పలేడు. అయితే ఎవరైనా ప్రార్థనాగీతం ఎత్తుకొంటే మాత్రం, తానూ కలిసి ఆ మాటలన్నీ స్పష్టంగా పాడేవాడు. మెదడులో మాటకు ఎడమవైపు ఒక చోటు ఉన్నదని పాల్ బ్రోకా 1861లో చూపించడానికి శతాబ్దానికి పైగా ముందు సంగతి ఇది. పాటకు మెదడులో కుడి ఎడమలు రెండూ తోడుపడతాయని తరువాత తెలిసింది. 1973లో బోస్టన్‌లో మార్టిన్ ఆల్బర్ట్, రాబర్ట్ స్పార్క్స్, నాన్సీ హెల్మ్ అనే ముగ్గురు, మాట పోయినవారికి చిన్న చిన్న వాక్యాలను రాగయుక్తంగా పలికించి, ఎడమచేతితో తాళం వేయించి, క్రమంగా మాట తెప్పించే చికిత్సను ప్రకటించారు. అందులో రాగం పాలు ఎంత, లయ పాలు ఎంత, ముందే కంఠస్థమైన మాట పాలు ఎంత అన్నదాని మీద పరిశోధకులలో ఇప్పటికీ వాదం సాగుతున్నది. ఆ వాదంలో తలదూర్చే అర్హత నాకు లేదు. నేను చూసినది చెబుతాను.

కొన్నేళ్ల క్రితం, కొడుకు దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడకు ఇక్కడ పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పడిపోయింది. ‘అది’ అన్న ఒక్క మాట తప్ప నోట ఏమీ రాదు. దాహమైనా ‘అది’, నొప్పి అయినా ‘అది’. మాట చికిత్స చేసే అమ్మాయి మంచి పనిమంతురాలు గాని తెలుగు రాదు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. నన్ను పిలిచింది వైద్యం కోసం కాదు, మాట కోసం. కోడలు పక్కన కూర్చొని మెల్లగా ఒక రామదాసు కీర్తన ఎత్తుకొన్నది. రెండో పాదానికి పెద్దావిడ కలిసింది. పల్లవి అంతా వచ్చింది. చరణంలో ఒకచోట కోడలు తప్పు మాట పాడితే, పెద్దావిడ కనుబొమలు ముడిచి సరైన మాట పాడింది! చికిత్స చేసే అమ్మాయి కళ్లు నీళ్లతో నిండాయి. కీర్తన అయిపోయింది. కోడలు గ్లాసు చూపించి, ఇదేమిటత్తయ్యా అని అడిగింది. ‘అది’ అన్నది ఆవిడ.

ఆ అమ్మాయి, నేను, కోడలు కలిసి ఒక ఉపాయం చేశాం. ఆ కీర్తన పల్లవి బాణీలో ‘నీళ్లు కావాలి’ అన్న మాట కూర్చాం. ఎనిమిది మాత్రలు, సరిగ్గా సరిపోయింది. దీర్ఘం ఉన్నచోటే బాణీ సాగుతున్నది, అది మా అదృష్టం. మొదటి వారం పాటగా, రెండో వారం సగం పాటగా, ఇరవై రోజులకు మాటగా అది బయటికి వచ్చింది. తరువాత ‘నొప్పిగా ఉంది’, ఆ తరువాత కొడుకు పేరు. అంతకుమించి ఎక్కువ రాలేదు, ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. నేను జీవితంలో రాసిన పాట అది ఒక్కటే, రెండే మాటలు. దానికి కావలసిన కమ్మీని మాత్రం మూడున్నర శతాబ్దాల వెనుక గోల్కొండ చెరసాలలో మగ్గిన ఒక భక్తుడు బిగించి పెట్టాడు.

ఆవిడకు ఆ కీర్తన ఎందుకు మిగిలింది? రాగం వచ్చినందువల్ల మాత్రమే కాదు. చిన్ననాటి నుండి అర్థం తెలిసి, దుఃఖం వచ్చినప్పుడు ఒకసారి, పెళ్లిలో ఒకసారి, వంట చేస్తూ వెయ్యిసార్లు, ఆ మాటనే పాడింది. అందుకే తప్పు మాట వినగానే కనుబొమ ముడిపడింది.

ఇప్పుడు మన పిల్లల సంగతి. మన గుడిలో పిల్లలకు కీర్తనలు నేర్పే గురువులు ఎంత శ్రమపడుతున్నారో నాకు తెలుసు, వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పిల్లల చేతిలోని కాగితం గురించే నా బాధ. కీర్తనను ఇంగ్లీషు లిపిలో రాసి ఇస్తున్నాం. ఆ లిపిలో కల, కళ, కాల, కాళ నాలుగూ ఒకేలా ఉంటాయి. టకారమూ తకారమూ ఒకటే. పిల్లవాడు బాణీ పట్టుకొంటాడు, నోటికి వచ్చిన అచ్చు వేస్తాడు. బాణీ చెడదు కనుక ఎవరికీ తప్పు వినబడదు. పదేళ్లు పాడినా అది అతనికి తననన వంటిదే. ఆ పిల్లవాడికి డెబ్బై అయిదేళ్ల వయస్సులో ఆ పెద్దావిడ స్థితి వస్తే అతని కోడలు ఏ పాట ఎత్తుకోవాలి? ఈ ప్రశ్న వేయడానికే ఈ వేదిక ఎక్కాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. నెలకు ఒక్క పాట చాలు. ముందు దానిని పాడించవద్దు. తెలుగు అక్షరాలలో రాసిన కాగితం ఇచ్చి, మాటకు మాట అర్థం చెప్పి, ప్రాస ఎక్కడ ఉన్నదో పిల్లలచేతనే వేలు పెట్టించండి. పొడుపుకథ విప్పినట్లు వాళ్లు సంబరపడతారు. తరువాత బాణీ. మా అమ్మాయికి ఎనిమిదో ఏట ఈ విధంగా ఒక క్షేత్రయ్య పదం నేర్పబోయాం గాని, ఎనిమిదేళ్ల పిల్లకు క్షేత్రయ్య అర్థాలు చెప్పడం అంత మంచి ఆలోచన కాదని మా వారు త్రోసిపుచ్చారు. అన్నమయ్యతో మొదలుపెట్టండి. అందులోనూ ఎంచుకొని మొదలుపెట్టండి.

రెండవది. పాత పాటలను కాపాడుకొంటూ ఉంటే చాలునా? తాళ్లపాకవారు లాలిపాటలో, గొబ్బిపాటలో, సువ్విపాటలో తమ ఊరి బతుకునంతా పెట్టారు. మనం ఈ దేశానికి వచ్చి రెండు తరాలు దాటింది. హిమపాతానికి, రాత్రి డ్యూటీకి, విమానాశ్రయంలో వీడ్కోలుకు మన పాట ఏది? లేకపోలేదు. మన మధ్యనే పుడుతున్నది, ఎవరూ రాసిపెట్టడం లేదు.

గత శీతాకాలంలో మన గుడి వంటశాలలో లడ్లు చుడుతుండగా విన్న సంగతి చెప్పి ముగిస్తాను. కొడుకు దగ్గర ఉంటున్న ఒకావిడ తన మనుమడికి పాడే లాలిపాట అందరికీ వినిపించింది. తానే కట్టింది.

మంచు కురిసేనమ్మ మా వాకిటను లాలి
అంచు తెల్లని కోక అవని కట్టెను లాలి

బాగుంది అన్నాం. మంచుకు అంచు ప్రాస, యతి సరిగా పడింది. ఎదురుగా కూర్చొన్న మరొక పెద్దావిడ మాత్రం లడ్డూ చుట్టడం ఆపింది. “అంచుదాకా తెల్లకోక కడితే అది ఎవరు కట్టే కోకమ్మా? పసివాడి లాలిలో ఆ మాట వద్దు” అన్నది. నిజమే. పాడిన ఆవిడ ముఖం చిన్నబోయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బూందీ చల్లారిపోతున్నది. తరువాత ఆవిడే కిటికీలోంచి బయటికి చూసింది. పార్కింగ్ స్థలమంతా తెల్లగా ఉన్నది. దాని చుట్టూ మనం నాటిన దేవదారు మొక్కల వరుస ఒక్కటే ఆకుపచ్చగా ఉన్నది. ‘అంచు పచ్చని కోక’ అని పాడింది. తెల్లని, పచ్చని రెండూ నాలుగు మాత్రలే, బాణీ ఎక్కడా కదలలేదు. ఆక్షేపించిన ఆవిడ తల ఊపి, మళ్లీ లడ్డూ చుట్టడం మొదలుపెట్టింది.

ఆ పసివాడికి ఇప్పుడు మూడేళ్లు. కోక అంటే సీసాలో పోసి అమ్మే నల్లటి పానీయమని వాడి నమ్మకం. భూమి దానిని ఎందుకు కట్టుకొంటుందని రోజూ అడుగుతున్నాడట. నాయనమ్మ మొన్న ఆదివారం తన పెట్టెలోంచి ఒక చీర తీసి వాడికి చుట్టి చూపించింది.